కొత్త ఇంటి పడకగదిలో రంగు పొక్కులు లేస్తుంటే: ముందు గోడ అవతల ఏముందో చూడండి

కొత్త ఇంట్లో దిగి ఆరు నెలలు తిరక్కముందే మాస్టర్ బెడ్‌రూమ్ గోడ మీద రంగు ఉబ్బుతుంది. వేలితో నొక్కితే పెంకులా విరిగి రాలుతుంది. పెయింటర్ వస్తాడు, గీకుతాడు, పుట్టీ పట్టి రెండు కోట్లు వేసి వెళ్తాడు. కొన్నాళ్లకు మళ్లీ అక్కడే లేస్తుంది. ఈసారి ఇంకా ఖరీదైన రంగు తెస్తారు, అదీ నిలవదు. ఇంత ఖర్చు పెట్టినవాళ్లలో చాలామంది చేయని పని ఒక్కటే. ఆ గోడకు అవతలి వైపు వెళ్లి చూడరు. మాస్టర్ బెడ్‌రూమ్ అంటే దానికి ఆనుకుని బాత్రూమ్ ఉంటుంది. గదిలో కనీసం ఒక గోడకు ఒక పక్క రంగు, రెండో పక్క టైల్స్, రోజూ నీళ్లు. మంచం తలాపి, వార్డ్‌రోబ్, వాల్‌పేపర్ ఏ గోడకు పెట్టాలో తేల్చుకునే ముందే ఆ గోడ సంగతి తేలాలి.

పుట్టీ పట్టడం, రోలర్ తిప్పడం వచ్చినవాళ్లే ఇది చదువుతున్నారనుకుని రాస్తున్నాను.

ఊడిన పెచ్చును తిప్పి చూడండి

పొక్కు అంచును బ్లేడుతో లేపి గోరంత పెచ్చు తీయండి. దాన్ని వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి. గోడ మీద ఖాళీ అయిన చోట అరచేయి ఆనించండి. సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

పెచ్చు వెనక మెత్తటి తెల్లపొడి ఉండి గోడ పొడిగా తగిలితే, సాండ్‌పేపర్ కొట్టిన దుమ్ము తుడవకుండా పైన పూత వేశారు, లేదా ప్రైమర్ వేయలేదు. కదిలిన రంగంతా గీకి, 180 నంబరు సాండ్‌పేపర్ కొట్టి, దుమ్మును ముందు బ్రష్‌తో, తర్వాత పిండిన తడిగుడ్డతో తీసి, ఆరనిచ్చి, ప్రైమర్ నుంచి మొదలుపెట్టండి. ఎంతమేర గీకాలో తెలియకపోతే పొక్కు లేని చోట బ్లేడుతో ఇంటూ గుర్తులా రెండు గాట్లు పెట్టి, ప్యాకింగ్ టేపు గట్టిగా అంటించి, నిమిషం ఆగి ఒక్క లాగున పీకండి. రంగు టేపుతో వచ్చేస్తే ఆ భాగమూ గీకాల్సిందే. ఈ పరీక్ష గోడకు మూడు నాలుగు చోట్ల చేయండి.

రంగుతో పాటు పుట్టీ కూడా రేకులా లేస్తే పుట్టీ మందంగా పట్టారు, లేదా ఎండిన ప్లాస్టరును తడపకుండా సిమెంటు పుట్టీ పట్టారు. పొడి గోడ పుట్టీలోని నీళ్లు పీల్చేసుకుంటుంది, అది గట్టిపడకుండానే ఆరిపోతుంది. రెండు కోట్లూ కలిపి 1.5 మి.మీ. దాటకపోతే మంచిది. పెద్ద గుంటలు ప్లాస్టరుతో పూడ్చాలి, పుట్టీతో కాదు.

పెచ్చు వెనక ఇసుక రేణువులు అంటుకుని, గోడ మీద నూగులా తెల్లటి ఉప్పు కనిపిస్తే, లేదా చేయి చల్లగా చెమ్మగా తగిలితే, అది నీళ్ల పని. ఇక్కడినుంచి పెయింటర్‌తో పని లేదు.

పాలిథీన్ షీటు పరీక్ష

అడుగున్నర పొడవు, అంత వెడల్పు పారదర్శక పాలిథీన్ షీటు కోసి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో గోడకు అంటించండి. ఒక రోజు పూర్తిగా వదిలేయండి. షీటుకు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి బిందువులు పట్టినా లేక షీటు కింద గోడ రంగు నల్లబడినా తడి గోడలోంచి వస్తోంది. బిందువులు గది వైపు ఉంటే అది గాలిలోని తేమ. కిటికీలు తీసి గాలి ఆడనిస్తే తగ్గుతుంది. ఒకటి బాత్రూమ్ గోడ అడుగున, ఒకటి అదే గోడకు నడుము ఎత్తున, ఒకటి బాత్రూముతో సంబంధం లేని వేరే గోడ మీద అంటించండి. మూడూ పోల్చితేనే అర్థమవుతుంది.

మూడు చోట్లా తడి వస్తే గోడలు ఇంకా పచ్చివి. సిమెంటు ప్లాస్టరు క్యూరింగ్ (నీళ్లతో తడిపి గట్టిపరచడం) అయ్యాక కనీసం 28 రోజులు ఆరాలి, వానాకాలంలో ఇంకా ఎక్కువ. పచ్చి ప్లాస్టరు పీహెచ్ 12 దాటి, అంటే బాగా క్షారంగా, ఉంటుంది. ఆ క్షారం ఆయిల్ పెయింటును సబ్బులా మార్చి జిగటగా చేస్తుంది, ముదురు రంగులను వెలవెలపోయేలా చేస్తుంది. దీనికి మందు కాలమే. ఉప్పు లేస్తే పొడి బ్రష్‌తో దులిపి, చేటలోకి ఎత్తి బయట పారేయండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఉప్పు లేవడం ఆగాక క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేయండి.

బాత్రూమ్ గోడ మీదే తడి వస్తే మాత్రం కింది భాగం ఒక్క ముక్క వదలకుండా చదవండి.

బాత్రూమ్ వైపు నుంచి వచ్చే నెమ్ము

టైల్స్ నీళ్లను ఆపుతాయన్న నమ్మకం దగ్గరే అందరూ మోసపోతారు. టైలు ఆపుతుంది, టైల్స్ మధ్య సందులోని సిమెంటు గ్రౌటు ఆపదు. అది నీళ్లు పీల్చుకుంటుంది. నీళ్లను నిజంగా ఆపాల్సింది టైల్స్ వెనక, నేల కింద వేసిన వాటర్‌ప్రూఫ్ పూత. అది నేల మీద వేసి, గోడ మీదికి కనీసం అడుగు ఎత్తు, షవర్ దగ్గర ఆరడుగుల ఎత్తు లేపాలి. నేలతోనే ఆపేసినా, మూలల్లో చిట్లినా, ఫ్లోర్ ట్రాప్ (నేల నీళ్లు బయటికి పోయే జాలీ కింది గిన్నె) చుట్టూ వదిలేసినా నీళ్లు టైల్స్ కింది ఫిల్లింగ్‌లో చేరతాయి. అక్కడ నిలిచిన నీళ్లను గోడ దీపం వత్తిలా పైకి లాక్కుంటుంది. బెడ్‌రూమ్ వైపు తేలుతుంది.

ఇది ఇంతకాలం దొరక్కుండా ఉండటానికి కారణాలున్నాయి. ఎక్కడా చుక్క కారదు. ఇల్లు అప్పగించేనాటికి బాత్రూమ్ ఎవరూ వాడి ఉండరు, కాబట్టి గోడ పొడిగానే ఉంటుంది. రోజూ స్నానాలు మొదలయ్యాక ఫిల్లింగ్ నిండి, తడి గోడంతా పాకి రంగు దాకా రావడానికి నెలలు పడుతుంది. లోపం షవర్ దగ్గర ఉంటే మరక రెండు మూడు అడుగుల అవతల తేలవచ్చు. ఎండాకాలం గోడ పైపైన ఆరుతుంది, అప్పుడే రంగు వేయిస్తారు, నాలుగు నెలలు బాగుంటుంది, సమస్య తీరిందనుకుంటారు. పైగా చాలా గదుల్లో ఆ గోడకే వార్డ్‌రోబ్ కడతారు. అది గోడను పూర్తిగా దాచేస్తుంది.

అందుకే రంగు కంటే ముందు ఇవి చూడండి: బాత్రూమ్ తలుపు ఫ్రేమ్ కింది కొస నాలుగు అంగుళాల మేర ఉబ్బిందా, అక్కడ రంగు చిట్లిందా. స్కర్టింగ్ (గోడ అడుగున నేల వెంట ఉండే పట్టీ) పైఅంచు వెంట తెల్లటి పొడి గీతలా ఉందా. వార్డ్‌రోబ్ కింది అర ఖాళీ చేసి వెనక పలక మీద వేళ్లతో తట్టండి. లామినేట్ ఉబ్బినచోట డొల్లగా మోగుతుంది, తలుపు తీయగానే ముక్కవాసన వస్తుంది. ఆ గోడలో స్విచ్ బోర్డు ఉండి చుట్టూ చెమ్మ కనిపిస్తే ముందు ఆ లైన్ ఎంసీబీ ఆపేసి, ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే మిగతా పని.

తర్వాత మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాయండి. ఈ గీత లేకుండా చేసే పరీక్షలన్నీ ఊహలే. ఒక్కసారికి ఒక్కటే పరీక్ష చేయాలి. ఒకదానికీ మరొకదానికీ మధ్య రెండు రోజులు ఆగాలి, ఈలోగా ఆ బాత్రూమ్ వాడకూడదు.

మొదట నీళ్లు వచ్చే పైపులు. ప్లంబర్‌తో కొళాయిల చోట మూతలు బిగించి ప్రెషర్ పంపుతో పరీక్ష చేయించండి. గంటసేపు గేజు ముల్లు కదలకూడదు. చల్లనీళ్ల లైను, గీజర్ నుంచి వచ్చే వేడినీళ్ల లైను విడివిడిగా చూడాలి. మరక నేల దగ్గర కాకుండా మూడు నాలుగు అడుగుల ఎత్తున మొదలైతే గోడలో దాగిన షవర్ డైవర్టర్‌ను (నీళ్లను కొళాయికో షవర్‌కో మళ్లించే వాల్వును) మొదట అనుమానించండి.

ముల్లు నిలిస్తే నేల వంతు. ఫ్లోర్ ట్రాప్‌ను ప్లగ్గుతో మూసి, గుమ్మం దగ్గర అడ్డు కట్టి, నేల మీద అంగుళం నీళ్లు నిలపండి. 24 గంటలు ఉంచండి. ఆ తర్వాత రెండు రోజుల్లో మరక గీత దాటితే నేల పూత పోయినట్టే. దాటకపోతే నేల తడవకుండా పైపుతో నేరుగా ట్రాప్‌లోకే పది బకెట్లు పోయండి. ఇప్పుడు దాటితే ట్రాప్ అతుకు. అదీ కాకపోతే షవర్‌తో గోడ టైల్స్ మీదే అరగంట నీళ్లు కొట్టండి. అప్పుడు దాటితే గ్రౌటు, లేదా కొళాయి పైపు గోడలోంచి బయటికొచ్చే రంధ్రం. రంగు నీళ్లు పోసి చూడమంటారు కొందరు. ప్లాస్టరు ఆ రంగును వడకట్టేయగలదు, కాబట్టి అవతల రంగు తేలలేదని లీకు లేదనుకోవద్దు.

మరమ్మతు ఎప్పుడూ నీళ్ల వైపు నుంచే. గ్రౌటు అయితే పాతదాన్ని సందు లోతులో కనీసం సగానికి పైగా గీకి, మూడు రోజులు ఆరనిచ్చి ఎపాక్సీ గ్రౌటు నింపండి. గోడా గోడా, గోడా నేలా కలిసే మూలల్లో గ్రౌటు వద్దు. అవి సన్నగా కదులుతుంటాయి, గ్రౌటు మళ్లీ చిట్లుతుంది. అక్కడ సిలికాన్ సీలెంట్ పెట్టి ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి. కొళాయి వెనక గుండ్రటి కవరు ప్లేటు జరిపి చూస్తే గోడలో రంధ్రం తెరిచే ఉంటుంది, దాన్నీ సీలెంట్‌తో నింపండి. ట్రాప్ అయితే చుట్టూ పగలగొట్టి అతుకు సరిచేసి, కుంచించుకుపోని గ్రౌటుతో బిగించి, పూతను ట్రాప్ అంచు లోపలి దాకా తేవాలి. నేల పూత పోతే దగ్గరి దారి లేదు. టైల్స్ లేపాలి, మూలలు గుండ్రంగా చేసి ఫైబర్ మెష్ పెట్టి, పాలిమర్ సిమెంటు పూత రెండు కోట్లు, రెండోది మొదటిదానికి అడ్డంగా వేయాలి. టైల్స్ వేసేముందు 48 గంటలు నీళ్లు నిలిపి చూడాలి. మేస్త్రీ తొందరపెట్టినా ఈ 48 గంటలు తగ్గించుకోకండి.

బెడ్‌రూమ్ వైపు నుంచి వాటర్‌ప్రూఫ్ పెయింటు కొట్టి ఆపుతామనేవాళ్లను దయచేసి నమ్మకండి. నీళ్లు రావడం ఆగదు, బయటికి పోయే దారి మాత్రమే మూసుకుపోతుంది. తడి ఆ పూత అంచు దాటి ఇంకా పైకి పాకుతుంది, లేదా పూతనే నెట్టేస్తుంది. పీవీసీ ప్యానెల్, వాల్‌పేపర్, తలాపి ప్యాడింగ్ దాని మీద కప్పితే లోపల బూజు పెరుగుతుంది, మీరు రోజూ తల పెట్టుకునే చోటే.

లీకు ఆగాక మరక అంచు దాటి అడుగు మేర ఉప్పు పట్టిన ప్లాస్టరు కొట్టేసి ఇటుక కనిపించేలా వదిలేయండి. గోడ ఆరడానికి అంగుళం మందానికి నెల అన్నది పాత లెక్క. ఒక పక్క టైల్స్ ఉన్న గోడ ఒకే వైపు ఆరుతుంది, అందుకని నాలుగున్నర అంగుళాల గోడకు నాలుగైదు నెలలు పట్టినా ఆశ్చర్యపోకండి. ఫ్యాను తిప్పితే త్వరపడుతుంది. కొత్త ప్లాస్టరు వేసి అది ఆరాక మళ్లీ పాలిథీన్ షీటు అంటించండి. షీటు పొడిగా వస్తేనే పుట్టీ డబ్బా తెరవండి. వార్డ్‌రోబ్ ఆ గోడకు తప్పదనుకుంటే వెనక రెండు అంగుళాల ఖాళీ, కింద గాలి ఆడే దారి వదలండి.

మిగతావి

తల వెంట్రుకంత బీటలు ప్లాస్టరు ఆరేటప్పుడు సహజం. వెడల్పు చేసి ఫిల్లర్ పెడితే సరి. కాంక్రీటు పిల్లరూ ఇటుక గోడా కలిసే చోట నిలువు బీట మాత్రం ఫిల్లర్‌తో ఆగదు, మెష్ టేపు వేయాలి.

రంగు చారలుగా, మెరుపు తేడాగా కనిపిస్తే రోలర్ అంచు ఆరిపోయాక పక్క పట్టీ కలిపారు. ముక్క ముక్కగా సరిచేయకండి, మూల నుంచి మూలకు గోడంతా ఒకే విడతలో మరో కోటు వేయండి. షేడ్ కార్డులో చూసినట్టు రంగు లేదంటే గదిలో బల్బు చూడండి. 3000 కెల్విన్ పసుపు వెలుగులో ఒకలా, 6500 తెల్ల వెలుగులో ఇంకోలా ఉంటుంది.

బయటి గోడకు ఆనించిన బీరువా వెనక, షీటు పరీక్షలో గోడ పొడిగా ఉన్నా, బూజు పడితే అది గాలిలోని తేమ చల్లటి గోడకు పట్టడం వల్ల. బీరువా జరిపి, ఒక పాలు బ్లీచుకు పది పాలు నీళ్లు కలిపి తుడవండి. ఆ బ్లీచులో యాసిడ్ కానీ టాయిలెట్ క్లీనర్ కానీ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

పైకప్పు నుంచి దిగే మరక పై అంతస్తు సంగతి. ఏటవాలుగా సాగి నెలనెలా వెడల్పయ్యే బీటకు ఇంజినీర్ రావాలి.