ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక ఆ 30 రోజులు

ఇంటర్ పరీక్షలు అవగానే ఇంట్లో బండి తాళం గొడవ మొదలవుతుంది. 18 నిండనిదే ఇవ్వకండి. "16కే లైసెన్స్ ఇస్తారుగా" అంటారు పిల్లలు. అది 50 సీసీ లోపు, గేర్లు లేని బండికే. మన ఇళ్లలో స్కూటీలు చాలావరకు 100 సీసీ దాటినవి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనర్ బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్స్) వచ్చాక 30 రోజులు ఆగితేనే డ్రైవింగ్ టెస్టు. చాలామంది ఆ నెలంతా వదిలేసి, చివర్లో గ్రౌండ్‌లో హెచ్ వేయడం (హెచ్ ఆకారపు దారిలో ముందుకూ వెనక్కీ నడపడం) నేర్చుకుని వెళ్తారు. మా అమ్మాయి చేరిన డ్రైవింగ్ స్కూల్లో పదిహేను రోజులూ ఒకే కాలనీలో తిప్పారు, రెండో గేరు దాటలేదు. టెస్టు పాసైంది. మర్నాడు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ట్రాఫిక్ ఆగింది. మళ్లీ కదిలేటప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. ఇంజిన్ ఆగి కారు వెనక్కి జారింది, వెనకాలే ఆటో. పక్క సీట్లో ఉన్న నా కాలు, అక్కడ లేని బ్రేకు కోసం వెతికింది. హ్యాండ్‌బ్రేక్ లాగాను కాబట్టి సరిపోయింది. తర్వాత వారం రోజులు ఎత్తు మీదే నేర్పాను: హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచి, హాఫ్ క్లచ్‌లో (క్లచ్ సగం వదిలి) బండి సన్నగా వణికాక, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించాలి.

2021లో వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో కారు కోర్సు 29 గంటలు. అందులో 21 గంటలు ప్రాక్టికల్. నన్నడిగితే ఇది అందరికీ తప్పనిసరి చేయాలి. మీ దగ్గర అలాంటి కేంద్రం లేకపోయినా ఆ 21 గంటల లెక్క వదలొద్దు. రాత్రిపూట, వానలో, హైవే మీద నేర్పుతారా, ట్రైనర్ వైపు బ్రేకు ఉందా అని డబ్బు కట్టే ముందే అడగండి.

ముందూ వెనకా ఎల్ బోర్డు, పక్కన లైసెన్స్ ఉన్న మనిషి ఉండాల్సిందే. ఫ్రెండ్స్‌ను ఎక్కించుకోవద్దు. 60 స్పీడులో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, ఫోన్ వైపు చూసే టైమ్ ఎక్కడిది? జూన్‌లో తొలి వానకు రోడ్డు మీది ఆయిల్, దుమ్ము కలిసి జారుతుంది, ఆ రోజు ముందు బండికి రెట్టింపు దూరంలో ఉండండి. దిగేటప్పుడు డ్రైవర్ తలుపు ఎడమచేత్తో తీయండి. ఒళ్లంతా కుడివైపు తిరిగి, వెనక నుంచి వచ్చే బైకు కంటపడుతుంది.