ఎదురు నడిచే గ్యాస్: మగ్రెబ్–యూరప్ లైనులో దిశ తిప్పే లెక్కలు

అల్జీరియాలోని హస్సీ ర్మెల్ నుంచి మొరాకో మీదుగా, జిబ్రాల్టర్ జలసంధి దాటి స్పెయిన్‌కు గ్యాస్ చేర్చడానికి ఈ లైను 1996లో మొదలైంది. 2021 అక్టోబరు 31న ఒప్పందం ముగిసింది, అల్జీరియా పొడిగించలేదు. 2022 జూన్ చివర్లో అదే గొట్టంలో గ్యాస్ ఎదురు నడిచింది. ఓడల్లో స్పెయిన్‌కు వచ్చిన ఎల్‌ఎన్‌జీని మళ్లీ గ్యాస్‌గా మార్చి, తరీఫా వైపు నుంచి మొరాకోకు పంపుతున్నారు.

వాల్వు తిప్పితే అయిపోయే పని కాదిది. ముందు డ్రాయింగులు పట్టుకుని లైనంతా నడవాలి. గ్యాస్‌ను ఒకే దిశలో పోనిచ్చే నాన్-రిటర్న్ వాల్వు ఒక్కటి మిగిలినా గ్యాస్ అక్కడే ఆగుతుంది. గ్యాస్‌ను ఒత్తి ముందుకు నెట్టే కంప్రెసర్ స్టేషన్లో సక్షన్ (లోపలికి లాగే), డిశ్చార్జి (బయటికి పంపే) పైపింగును తారుమారు చేయాలి. లోడు తక్కువైతే కంప్రెసర్‌ను తప్పించే బైపాస్ చాలు. పైపు లోపల శుభ్రం చేస్తూ, పరీక్షిస్తూ పోయే పరికరం పిగ్; దాన్ని పంపే ట్రాప్, అందుకునే ట్రాప్ ఒకటి కావు. అందుకునేదానికి బ్యారెల్ పొడవు ఎక్కువ కావాలి.

ఎక్కువగా తప్పు జరిగేది మీటరు దగ్గర. ఆరిఫిస్ ప్లేటుకు (ప్రవాహం కొలిచే చిల్లు పలకకు) పదునైన అంచు గ్యాస్ వచ్చే వైపు, ఏటవాలు అంచు పోయే వైపు ఉండాలి. ప్లేటు తిప్పకుండా వదిలేస్తే రీడింగు తక్కువ చూపిస్తుంది, అమ్మేవాడికి నష్టం. ఫిల్టరు మీటరుకు ముందుండేది, ఇప్పుడు వెనక్కి పోతుంది. దిశ మారగానే ఏళ్ల తరబడి పేరుకున్న నల్లపొడి (పైపు లోపలి తుప్పు పొడి) లేస్తుంది కాబట్టి కొత్త దిశలోనూ మీటరుకు ముందు ఫిల్టరు పెట్టి, మొదటి రోజుల్లో దాని ప్రెజర్ తేడా మీద కన్నేసి ఉంచాలి.

ఇక లెక్క. 48 అంగుళాల గొట్టంలో కిలోమీటరుకు సుమారు 1,110 ఘనపు మీటర్ల చోటు. 60 బార్ ప్రెజర్ దగ్గర అందులో 75,000 ప్రామాణిక (మామూలు వాతావరణ పీడనంలో కొలిచే) ఘనపు మీటర్ల గ్యాస్ పడుతుంది. మొరాకో భాగం 540 కిలోమీటర్లు, అంటే దాదాపు 4 కోట్లు. రోజుకు 25 లక్షల ఘనపు మీటర్లు వాడతారనుకుంటే, కొత్త గ్యాస్ రాకపోయినా 60 నుంచి 50 బార్‌కు దిగే లోపు దాదాపు రెండున్నర రోజులు నెట్టుకురావచ్చు. పైపు ఇక్కడ గోదాము పని కూడా చేస్తుందన్నమాట.

అయితే అదే లెక్కలో గ్యాస్ వేగం సెకనుకు 40 సెంటీమీటర్లు దాటదు; నడిచే మనిషి కన్నా నెమ్మది. దారిలో ఎవరూ తీసుకోకపోయినా ఆ చివరికి చేరడానికి 16 రోజులు. పిగ్ సరిగా కదలదు, నీటిబొట్టు ఉంటే పల్లంలో నిలుస్తుంది. అందుకే లోపలికి వచ్చే చోట నీటి డ్యూ పాయింటు (గ్యాస్‌లోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కొలత ఆగకూడదు. తడి గ్యాస్ పైపుకు ఏం చేస్తుందో, 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలుడు చూసిన కోనసీమకు చెప్పనక్కర్లేదు.

వినియోగదారుల వరుస కూడా తిరగబడింది. అల్జీరియా సరిహద్దు వైపున్న ఐన్ బెని మథర్ విద్యుత్ కేంద్రం ఒకప్పుడు మొదటిది, ఇప్పుడు చివరిది; టాంజియర్ దగ్గరి తహద్దార్త్ విద్యుత్ కేంద్రం ముందుకొచ్చింది. ప్రెజర్ ఎంత తగ్గాక ఎవరికి కోత పెట్టాలో ముందే రాసుకోవాలి. పైపు పగిలి ప్రెజర్ పడిపోతే వాటంతటవే మూసుకునే లైన్ బ్రేక్ వాల్వుల ట్రిప్ సెట్టింగులనూ కొత్త ప్రవాహానికి మార్చాలి, లేకపోతే టర్బైను స్టార్టయినప్పుడల్లా అవి మూసుకుంటాయి.

కాగితాల పని తేలిగ్గా తీసుకోవద్దు. స్పెయిన్ తమ గ్యాస్‌ను మొరాకోకు మళ్లిస్తే ఒప్పందం ఉల్లంఘించినట్టేనని అల్జీరియా హెచ్చరించింది. అందుకే మొరాకోకు వెళ్లేది అల్జీరియా గ్యాస్ కాదని చూపే ధ్రువీకరణ పద్ధతి పెట్టారు. అణువులకు పాస్‌పోర్టు ఉండదు. ఓడ సరుకు పత్రాలే ఆధారం.

చివరి వినియోగదారు దాటాక అల్జీరియా సరిహద్దు వాల్వు దాకా మిగిలే ముక్కలో గ్యాస్ కదలదు. దాన్ని వేరుచేసి నైట్రోజన్ నింపాలి, లేదా ప్రెజర్ నిలిపి చూసుకోవాలి. ఏదైనా సరే, దాని క్యాథోడిక్ ప్రొటెక్షన్ (స్వల్ప విద్యుత్తుతో తుప్పు ఆపే ఏర్పాటు) మాత్రం ఆపకూడదు.