ట్యాంకు కింద నాచు పెట్టె

గోపాలపూర్ సముద్రం మా బరంపురానికి 16 కిలోమీటర్లు. "అంత సముద్రం అక్కడుండగా బకెట్లో ఉప్పు కలుపుతావేంట్రా" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. వానాకాలం తర్వాత నదుల నీళ్ళు కలిసి మన తీరంలో ఉప్పదనం తగ్గిపోతుంది. ఒడ్డునీళ్ళలో మురికి సంగతి సరేసరి. అందుకే ఇంట్లో నా ఉప్పునీటి చేపల ట్యాంకుకు ఆర్వో నీళ్ళలో అక్వేరియం ఉప్పు కలిపి, సాంద్రత 1.025 వచ్చేదాకా కొలుచుకుంటాను.

నాది చిన్న ట్యాంకు: 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 40 ఎత్తు. రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య. వేసిన మేతంతా చివరికి నైట్రేటు, ఫాస్ఫేటుగా మిగిలి అద్దాలకు పాచి పట్టేది. గీకడమే నా ఆదివారం. అదే తిండి తినే మంచి నాచును చేపల నోటికందని చోట పెంచి, ఎదిగినకొద్దీ కోసేస్తే నైట్రేటు కూడా దాంతోపాటు బయటికి పోతుంది. ఆ చోటే రెఫ్యూజియం.

ట్యాంకు స్టాండు కింద పట్టేలా 45 × 25 × 30 సెంటీమీటర్ల గాజు పెట్టె చేయించాను. లోపల రెండు అడ్డుగాజులు, మూడు గదులు: పై ట్యాంకు నీళ్ళు దిగేది, నాచుది, వాటిని తిరిగి పైకెక్కించే పంపుది. మధ్య గది పెద్దదిగా ఉండాలి. బూజు మందు కలపని సిలికాన్ వాడి, వారం ఆరనివ్వండి. నీళ్ళు కిందికి దిగడానికి పై ట్యాంకుకు ముందే రంధ్రం వేయించుకోండి. అంచు మీంచి సైఫన్‌తో, అంటే గాలి లేని గొట్టం తనంతట తానే లాగే పద్ధతిలో, నీళ్ళు దింపే తొట్టెలూ ఉన్నాయి కానీ నాకు నమ్మకం లేదు. సైఫన్ తెగినప్పుడు కింది పంపు నీళ్ళు ఎక్కిస్తూనే ఉంటుంది, పై ట్యాంకు పొంగుతుంది.

అసలు లెక్క కరెంటు పోయినప్పటిది. నాది ఇన్వర్టర్ల కొట్టు. ఊళ్ళో కరెంటు పోతే లాభపడేవాణ్ణి నేనే, మొదటి రాత్రే మునిగిందీ నేనే. పంపు ఆగితే పైకెక్కే పైపే సైఫన్‌గా మారి, దాని మూతి ఎంత లోతున ఉంటే అంతవరకూ నీళ్ళు కిందికి లాగేస్తుంది. నా ట్యాంకులో 1 సెంటీమీటరు మట్టం అంటే 1.8 లీటర్లు. మూతి 8 సెంటీమీటర్ల లోతున పెట్టాను: 14.4 లీటర్లు. కింది పెట్టెలో నీళ్ళు 18 సెంటీమీటర్లదాకా నింపేశాను, మిగిలిన ఖాళీలో పట్టేది 13.5 లీటర్లే. పైపులో ఉన్నది అదనం. తెల్లారి లేచేసరికి హాలంతా ఉప్పునీళ్ళు. ఇప్పుడు మూతిని 2 సెంటీమీటర్లకు పైకి తెచ్చి, నీటిమట్టానికి కాస్త దిగువన పైపుకు సన్నటి రంధ్రం పెట్టాను. మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రానికి పాచి అడ్డుపడుతుంది, వారానికోసారి పుల్లతో పొడవండి. చేపలు వేయకముందే స్విచ్ ఆపి, పక్కన కూర్చుని చూడండి.

నాచుల్లో కీటోమార్ఫా తీసుకోండి, కొట్లలో కీటో అంటారు. చిక్కుపడ్డ ఆకుపచ్చ నైలాన్ దారంలా ఉంటుంది. కాలెర్పా అందంగా ఉంటుంది కానీ ఒక్కోసారి ఉన్నట్టుండి బీజాలు వదిలి, తిన్నదంతా నీళ్ళలోకే కక్కి ట్యాంకును పాలలా చేస్తుంది. చిలికా నుంచి నాచు పట్టుకొస్తానని మా బావమరిది ఉబలాటపడ్డాడు. వద్దన్నాను. అది ఉప్పు తక్కువ సరస్సు, నాచుతోపాటు ఏ పురుగు వస్తుందో తెలీదు. పిడికెడు కీటోను అదే సాంద్రత ఉన్న ఉప్పునీళ్ళలో జాడించి వేస్తే చాలు. పంపులోకి పోకుండా వల కట్టండి.

నాచు గదికి 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ, 10 వాట్లది, టైమరుతో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా. పై లైటు ఆరాక ఇది వెలిగితే, రాత్రిపూట పేరుకునే కార్బన్ డయాక్సైడును నాచు తీసుకుంటుంది, పీహెచ్ అంతగా పడిపోదు. మా ఊరి అమ్మవారి జాతర బుధి ఠాకురాణి యాత్రకు వచ్చిన చుట్టాలు హాల్లో పడుకుని ఆ వెలుగుకు నిద్రపట్టక నన్ను తిట్టుకున్నారు. తలుపుకు నల్లగుడ్డ కట్టాను.

నెల గడిచాక కోపెపాడ్లు, అంటే నీళ్ళలో బతికే చుక్కంత పురుగులు, వదలండి. లైట్లు ఆర్పి, పంపు గంటసేపు ఆపితే నాచులో దాక్కుంటాయి. తర్వాత వాటి పిల్లలు పైకి కొట్టుకెళ్ళి చేపలకు మేతవుతాయి.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక మాకు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు నా దగ్గర ఉన్నవి గోల్డ్‌ఫిష్‌లే, అన్నీ పోయాయి. చీకట్లో నాచు కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది, కాబట్టి బ్యాటరీతో నడిచే గాలి పంపు తాలూకు బుడగల రాయి ఒకటి కింది పెట్టెలోనూ వేయండి.

ఆవిరయ్యే నీళ్ళు పంపు గదిలోనే తగ్గుతాయి. అక్కడ గీత గీసుకుని రోజూ మంచినీళ్ళే, అంటే ఆర్వో నీళ్ళే పోయండి, ఉప్పునీళ్ళు కాదు. నాచు గది నిండాక మూడో వంతు తీసేయండి. నైట్రేటు లీటరుకు 5 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే కోత తగ్గించండి, సున్నా చేస్తే వేరే గోధుమరంగు జిగురు మొదలవుతుంది. తీసిన నాచును మా అమ్మ కుళాయి కింద కడిగి కొబ్బరిచెట్టు మొదట్లో వేస్తుంది. కొబ్బరి ఉప్పుకు ఓర్చుకుంటుంది. కరివేప దగ్గర వేయబోతే నా చెయ్యి పట్టుకుంది.