చింతగింజలతో రోమ్ ఓటు

తొమ్మిదో తరగతికి రోమన్ గణతంత్రం చెప్పాలనుకుంటే, ఎండాకాలంలో ఇంట్లో చింతపండు కొట్టిన రోజే గింజలు దాచుకోండి. సరిగ్గా 193 కావాలి. పరకాల దగ్గర మా బడిలో ఏటా నా పాఠం వాటితోనే.

ముందు ఒక పొరపాటు దిద్దాలి. పెట్రీషియన్లంటే ధనికులు, ప్లెబియన్లంటే పేదలు అని పిల్లలు బట్టీ పట్టి వస్తారు. నేనూ కొన్నేళ్లు అలాగే చెప్పాను. నిజానికి పెట్రీషియన్ హోదా కొన్ని కుటుంబాలకు పుట్టుకతో వచ్చేది, మిగతా పౌరులంతా ప్లెబియన్లు. ప్లెబియన్లలో పెద్ద ఆసాములూ ఉండేవారు. రోమ్‌ను ఏలే కాన్సుల్‌లను ఎన్నుకునే సభలో మాత్రం ఓటు బరువు ఆస్తిని బట్టే.

ఇక పంచండి. గింజంటే ఒక సెంచరీ, అంటే ఒక గుంపు ఓటు. ఇద్దరికి 18: గుర్రపు దళం. ఆరుగురికి 80: మొదటి తరగతి. తర్వాతి మూడు తరగతులకు ఇరవయ్యేసి, ఐదో తరగతికి 30. వడ్రంగులు, కమ్మరులకు 2, బూర ఊదేవాళ్లకు 2. వెనుక బెంచీలవాళ్లంతా ఆస్తి లేనివాళ్లు. అందరికీ కలిపి ఒకే గింజ. అది ఎవరి చేతిలో ఉండాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి. కాస్త గొడవవుతుంది, కానివ్వండి.

యుద్ధం ప్రకటించాలా వద్దా? రెండు స్టీలు పళ్లేలు పెట్టి, పైనుంచి వరుసగా పిలవండి. పైవాళ్లకు ముందే ‘ఒకే మాట మీద ఉండండి’ అని చెవిలో చెప్పండి. ఒక పళ్లెంలో 97 పడగానే సభ ముగించండి. రెండో తరగతి లేవనే లేవదు. (ఇది పాత లెక్క, క్రీ.పూ. మూడో శతాబ్దంలో మొదటి తరగతికి పది తగ్గించారు.)

‘మరి మా గింజ, సార్?’ అని వెనుకనుంచి వినబడుతుంది. జవాబు చెప్పకండి. క్రీ.పూ. 494లో ప్లెబియన్లు అప్పుల బాధతో నగరం విడిచి కొండెక్కి కూర్చున్న కథ అక్కడే ఎత్తుకోండి. దాని ఫలితమే ట్రిబ్యూన్లు, అంటే ప్లెబియన్ల తరఫున నిలబడే అధికారులు. వెనుక బెంచీలోంచి ఒకరిని ట్రిబ్యూన్‌ను చేసి, నేను ఏ ఆజ్ఞ ఇచ్చినా ‘వీటో’ అని ఆపమంటాను. ఆ గంట నాకు పాఠం సాగదు. క్రీ.పూ. 287లో ప్లెబియన్ల సభ తీర్మానమే అందరికీ చట్టమైందన్న మాట మాత్రం ఎలాగో ఇరికిస్తాను.

సెనేట్, ఇద్దరు కాన్సుల్‌ల సంగతి మర్నాటికి పెట్టుకోండి.

గింజలు లెక్కపెట్టి తీసుకోండి. నిరుడు ఒక అమ్మాయి ‘ఓటు వేయనిదే ఇవ్వను’ అని పిడికిలి విప్పలేదు. అందుకే డబ్బాలో పది ఎక్కువే ఉంచుతున్నాను.