మీ గేమ్‌లో ట్రాన్స్ పాత్ర పెడుతున్నారా? ముందు రక్తపరీక్ష సీన్ తీసేయండి

హనుమకొండలో 16 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. సంక్రాంతి సెలవుల్లో నా పాత స్టూడెంట్ ఒకడు లాప్‌టాప్ పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఫ్రెండ్స్‌తో కలిసి గేమ్ చేస్తున్నాడు. కాజీపేట జంక్షన్‌లో ఒక్క రాత్రి జరిగే కథ. అందులో రాణి అనే ట్రాన్స్ మహిళ రైల్లో చప్పట్లు కొట్టి డబ్బులు అడుగుతుంది. చివరి లెవెల్‌లో ఆమె బ్లడ్ రిపోర్టు దొరుకుతుంది, అందులో ‘ఎక్స్ఎక్స్‌వై’ అని ఉంటుంది (మామూలుగా ఆడవాళ్లకు ఎక్స్ఎక్స్, మగవాళ్లకు ఎక్స్‌వై క్రోమోజోమ్‌లు ఉంటాయి). అదే కథకు మలుపు.

“సైన్స్ కరెక్టేనా మేడం?” అని అడిగాడు.

“కాదు బిడ్డా” అన్నాను. ఆ సాయంత్రమంతా కూర్చుని మార్చాం. ఇలాంటి గేమ్ చేసే పిల్లలు ఇంకా ఉంటారు కాబట్టి రాస్తున్నాను.

ముందు రెండు మాటలు విడదీయండి. పుట్టినప్పుడు ఆడ అనో మగ అనో పెద్దలు రాయించినదానికి భిన్నంగా, తానెవరో తనకు తెలిసిన మనిషి ట్రాన్స్‌జెండర్. ఇంటర్‌సెక్స్ శరీరానికి సంబంధించిన మాట. క్రోమోజోమ్‌లు గానీ, హార్మోన్లు గానీ, అవయవాలు గానీ పుస్తకంలోని ఆడ, మగ బొమ్మలకు సరిపోకుండా పుట్టడం. ట్రాన్స్ వాళ్లలో ఎక్కువమందికి అలాంటిదేమీ ఉండదు, కాబట్టి రాణి రిపోర్టు ఆమె గురించి ఏమీ చెప్పదు. ఎక్స్ఎక్స్‌వై ఉన్నవాళ్లు చాలామంది మగవాళ్లుగానే పెరుగుతారు. పెళ్లయ్యాక పిల్లలు పుట్టక టెస్టులు చేయించుకుంటే బయటపడుతుంది, కొందరికి ఎప్పటికీ తెలియదు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం వచ్చిన మన 2019 చట్టం ఇంటర్‌సెక్స్ వాళ్లను కూడా ట్రాన్స్‌జెండర్ నిర్వచనంలోనే చేర్చింది. దాంతో గందరగోళం ఇంకా పెరిగింది.

ఈ తప్పు నేనూ చేశాను. వానపాము ఉభయలింగజీవి, అంటే ఆడ, మగ అవయవాలు రెండూ ఉన్న జీవి అని పాఠం చెబుతూ, మనుషుల్లోనూ కొందరు ఇలాగే ఉంటారన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ క్లాసులో కూర్చున్న ఒక పిల్ల ఏళ్ల తర్వాత వచ్చి నాతో మాట్లాడింది. తనకు నెలసరి రాలేదని, ఎక్స్‌వై అని రిపోర్టు వచ్చిన నెలలోనే నేనా మాట అన్నానని చెప్పింది. ఇలాంటి అమ్మాయిల్లో లోపల ఉన్న వృషణాలు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను తయారు చేస్తాయి, కానీ దాన్ని అందుకునే గ్రాహకం పనిచేయదు. కాబట్టి శరీరం ఆడపిల్లగానే ఎదుగుతుంది, గర్భసంచి మాత్రం ఉండదు. ఆ అమ్మాయి ఎప్పుడూ అమ్మాయే. ఆ రోజు నుంచి ఆ పాఠంలో వానపామును వానపాము దగ్గరే ఆపుతున్నాను.

కాబట్టి రెండు రకాల అవయవాలూ పూర్తిగా పనిచేసే పాత్రను మనిషి అని రాయకండి. గర్భంలో దాదాపు ఆరో వారం దాకా బీజగ్రంథి (తర్వాత అండాశయమో వృషణమో అయ్యేది) అందరిలో ఒకేలా ఉంటుంది. ఆ తర్వాత వై క్రోమోజోమ్ మీది ఎస్ఆర్‌వై అనే జన్యువు (1990లో కనుక్కున్నారు) పనిచేస్తే అది వృషణంవైపు మళ్లుతుంది. బయటి అవయవాలు కూడా ఒకే మొగ్గ నుంచి వస్తాయి. ఆ మొగ్గ శిశ్నమో, క్లిటోరిసో, రెండింటి మధ్యలో ఏదో ఒకటో అవుతుంది. ఒకే ముద్దతో రెండు పూర్తి కుండలు చేయలేం కదా.

ఇక గేమ్ సంగతి. 2020లో వచ్చిన ‘టెల్ మీ వై’లో టైలర్ అనే ట్రాన్స్ అబ్బాయి హీరో, గొంతు ఇచ్చింది కూడా ట్రాన్స్ నటుడే. అతని శరీరం అక్కడ మలుపు కాదు, అమ్మ ఎలా చనిపోయిందన్నదే కథ. క్యారెక్టర్ తయారుచేసుకునే మెనూ పెడితే ‘బాల్డర్స్ గేట్ 3’ని చూడండి. ఒంటి ఆకారం, గొంతు, పిలిచే తీరు వేటికవే ఎంచుకోవచ్చు. ‘సైబర్‌పంక్ 2077’లో గొంతును బట్టే సర్వనామం వచ్చేస్తుంది, దాన్ని అనుసరించకండి.

తెలుగులో ఇంకో పని ఉంది. ఇంగ్లిష్‌లో సర్వనామం ఒక్కటి మారిస్తే చాలు. మనకు ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని క్రియ కూడా మారుతుంది. కోడ్‌లో ‘అతను’కు బదులు ‘ఆమె’ పెట్టేసి ఊరుకుంటే ‘ఆమె వచ్చాడు’ అని తెర మీద పడుతుంది. ట్రాన్స్ ప్లేయర్‌కు అది ఎంత బాధో ఆలోచించండి. ప్రతి వాక్యానికీ మూడు రూపాలు రాసి పెట్టుకోండి: వచ్చాడు, వచ్చింది, వచ్చారు. ‘వచ్చాను’, ‘వచ్చావు’లకు ఈ ఇబ్బంది లేదు, కాబట్టి కుదిరినచోట కథను నువ్వు అని నడపండి. ట్రాన్స్ వాళ్లను తిట్టే బూతుమాట విలన్ నోట ఒక్కసారి చాలు, గేమ్ తన మాటగా చెప్పేచోట మాత్రం రాకూడదు.

రాణికి ఉద్యోగం ఇవ్వండి. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు చేరారు. వాళ్లలో ఒకరు ఆదిలాబాద్ రిమ్స్‌లో ఎంబీబీఎస్ చదివారు. మావాడు ఆలోచించి రాణిని నర్సును చేశాడు. నైట్ డ్యూటీ దిగి జమ్మికుంట వెళ్లే రైలు కోసం చూస్తుంటుంది. హ్యాండ్‌బ్యాగ్‌లో రిపోర్టు ఉన్నచోట ఇప్పుడు టిఫిన్ బాక్సు ఉంది.

పూర్తయ్యాక విడుదలకు ముందే ట్రాన్స్ వాళ్లు ఒకరిద్దరితో ఆడించండి. వాళ్ల టైముకు డబ్బులివ్వండి, పేరు వేయమంటే వేయండి. మావాళ్ల గేమ్‌ను వచ్చే ఆదివారం ఒక అక్క మా ఇంట్లోనే ఆడబోతోంది.