మేడ మీద ఆలుగడ్డ వేసే ముందు

బెంగళూరులో మేడ మీద ఆలుగడ్డ వేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. వంటింట్లో గడ్డ మొలకెత్తింది కదా అని దాన్నే పాతేయకండి. అది ఏ రకమో తెలియదు, లోపల తెగులుందో లేదో అసలే తెలియదు. మొదటిసారి నేను అదే పని చేశాను. పైన మోకాలెత్తు ఆకు, తవ్వితే గోలీలంత గడ్డలు!

విత్తన గడ్డే అడిగి తెచ్చుకోండి. అక్టోబరు చివర్లోనో నవంబరులోనో వేసేవాళ్లకి కుఫ్రీ జ్యోతి చాలు. 1968 నాటి రకం, హాసన్ వైపు రైతులకి బాగా అలవాటైనది. వానల్లో మాత్రం ఆకుల్ని మాడ్చేసే లేట్ బ్లైట్ తెగులుకి ఇట్టే దొరికిపోతుంది. ఆలస్యమై జనవరిలోకి వెళ్లారా, కుఫ్రీ సూర్య వెతకండి. మామూలు రకాలకి రాత్రిళ్లు 20 డిగ్రీల లోపు చల్లదనం లేకపోతే గడ్డ సరిగా ఊరదు. సూర్య కాస్త వేడి ఓర్చుకుంటుంది. చిప్సోనా పేరులోనే ఉంది, చిప్స్ కోసం చేసిన రకం. మన వేపుడుకి దాని కోసం తిరగక్కర్లేదు.

కోడిగుడ్డంత గడ్డను కోయకుండా, కళ్లు, అంటే మొలకలొచ్చే గుంటలు, పైకి ఉండేలా పెట్టండి. గ్రో బ్యాగ్‌లో మొదట సగమే మట్టి పోసి, మొక్క లేచేకొద్దీ మిగతాది ఎగదోయండి. ఎండ తగిలి పచ్చబడ్డ గడ్డ కూరకి పనికిరాదు.