గ్రేటర్ హైదరాబాద్‌లో మున్సిపల్ ఎన్నికల ఓటుకు వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

ఓటరు జాబితాలో మీ పేరు చూసుకోండి. చేతిలో కార్డున్నా వార్డు జాబితాలో పేరు లేకపోతే ఓటు లేనట్టే. పోలింగ్ నాడు ఎంత బతిమాలినా చేర్చరు.

వార్డు, బూత్ మళ్లీ సరిచూసుకోండి. పునర్విభజన జరిగితే హద్దులు మారిపోతాయి, ముఖ్యంగా శివారు కాలనీల్లో. అసెంబ్లీకి ఓటేసిన బడికే వెళ్లాలని అనుకోవద్దు.

2020లో ఇక్కడ బ్యాలెట్ పేపర్లే వాడారు. ఈసారీ అవే అయితే, స్వస్తిక్ ముద్ర ఒక్క గడిలోనే పడాలి. రెండు గళ్ల మధ్య గీత మీద పడితే ఓటు చెల్లకుండా పోవచ్చు. పేపర్‌ను మొదట నిలువుగా మడవండి. తడి సిరా అంటినా అదే అభ్యర్థి వరుసలో ఉంటుంది.

మీ పేరు మీద ఎవరో ముందే ఓటేసి ఉంటే వెనక్కి రావద్దు. బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారిని టెండర్డ్ ఓటు (ఇలాంటప్పుడు విడిగా ఇచ్చే బ్యాలెట్ పేపర్ మీద వేసే ఓటు) అడగండి, అది మీ హక్కు.

ఫోన్ ఇంట్లోనే పెట్టండి, లోపలికి తీసుకెళ్లనివ్వరు.